ఏడో నంబరు క్లిప్పు

ఆ ఇంట్లో నాలుగు నెలలుగా బట్టలు క్లిప్పులు లేకుండా ఆరుతున్నాయి.

ఇదివరకు అలా కాదు. పొద్దున్న ఆరున్నరకల్లా ఆవిడ ఒక చేత్తో బకెట్టు, ఇంకో చేత్తో క్లిప్పుల బుట్ట పట్టుకుని మేడ మీదికి ఎక్కేది. చొక్కాకి రెండు, తువ్వాలుకి ఒకటి, దుప్పటికి నాలుగు. చెక్క క్లిప్పులు. ఎండకీ వానకీ నెరిసి బూడిద రంగుకి తిరిగినవి. ఇప్పుడా బుట్ట అటక మీద, పాత పరుపు వెనకాల ఉంది. తడి బట్టల్ని తీగ మీద ఊరికే పడేసి వచ్చేస్తోంది. కాస్త గాలి విసిరితే చాలు, సగం బట్టలు వీధిలో ఉంటాయి.

"ఏమ్మాయ్, నీ దిండు గలీబు మళ్ళీ మా ఇంటికి చుట్టపు చూపుగా వచ్చింది," అంటూ కింది వాటా పిన్ని మెట్లెక్కి వచ్చేది. "వచ్చిందీ ఊరుకుందా? మా ఆయన మొహం మీద పడి నిద్ర లేపింది. నేను ముప్పై ఏళ్ళ నించీ చెయ్యలేని పని."

ఆవిడ నవ్వి గలీబు అందుకునేది.

"రెండు క్లిప్పులు పెట్టుకోరాదూ?"

"విరిగిపోయాయి పిన్నీ."

"అన్నీనా?"

ఆవిడ మాట మార్చేసేది. క్లిప్పు చూస్తే చేతులు చల్లబడుతున్నాయని ఎవరికి చెప్పుకోగలదు? ఎందుకని అడిగితే మొత్తం చెప్పాలి. మొత్తం చెప్పాలంటే ఆయన దగ్గర్నించి మొదలుపెట్టాలి.

ఆయన ఇనుము చెక్కే లేతు మిషన్ మీద పని చేసేవాడు. ముప్పై ఏళ్ళు ఒకే వర్క్‌షాపు, ఒకే మిషను. పది వేళ్ళతో చేరి పది వేళ్ళతో బయటికొచ్చిన వాణ్ణి నేనొక్కణ్ణే అని చెప్పుకునేవాడు. ఆదివారం పొద్దున మాత్రం ఊరి బయట పాత ఇటుకబట్టీ పక్క మైదానంలో ఉండేవాడు. అక్కడ పదిహేను మంది దాకా చేరి బొమ్మ విమానాలు ఎగరేసేవారు. బొమ్మ అంటే ఆయనకి కోపం. "ఆరడుగుల రెక్క, ముందు గిర్రున తిరిగే కత్తిలాంటి ఫ్యాను, గంటకి నూరు కిలోమీటర్ల వేగం. అది బొమ్మయితే లారీ కూడా బొమ్మే," అనేవాడు.

క్లబ్బు వాళ్ళు ఆయన్ని రూల్సన్న అని పిలిచేవారు. మొదట్లో వెటకారానికి, తర్వాత అలవాటుగా. సున్నపు గీత దాటి ఎవరూ ముందుకి రాకూడదు. గీసిన గడిలో నిలబడే ఎగరెయ్యాలి, విమానం గాల్లో ఉండగా గడి వదిలి కదలకూడదు. జనం కూచునే కుర్చీల మీదుగా పోనివ్వకూడదు. దింపేముందు దిగుతున్నా అని గట్టిగా కేకెయ్యాలి. ముందు చేతిలో సెట్టు, అంటే విమానాన్ని తిప్పే రేడియో డబ్బా, ఆన్ చెయ్యాలి, తర్వాతే విమానం. ఆపేటప్పుడు ముందు విమానం, తర్వాతే సెట్టు. బ్యాటరీ ఛార్జింగులో ఉన్నంతసేపూ దాని పక్కన మనిషుండాలి.

ఈ చివరి రూలు ఆవిడ మెడకి చుట్టుకుంది. శనివారం ఆయన పని నుంచి వచ్చేసరికి పొద్దుపోయేది కాబట్టి, ఇసక పోసిన కుండలో బ్యాటరీ పెట్టి, గంటన్నర దాని పక్కన పీట వేసుకుని కూచోవడం ఆవిడ పని. "పురిట్లో బిడ్డని కూడా ఇంత కాపలా కాయరండీ," అని సణిగేది. కాసేది.

అన్నిటికన్నా పెద్ద రూలు క్లిప్పులది. అక్కడందరివీ పాత రకం సెట్లు. ఒక్కోదానికి ఒక్కో నంబరు. ఒకే నంబరు మీద రెండు సెట్లు ఆన్ అయితే గాల్లో ఉన్న విమానానికి ఇద్దరు యజమానులు. ఎవరి మాటా వినదు. అందుకని గేటు దగ్గర చెక్క బోర్డు మీద నంబరుకి ఒకటి చొప్పున క్లిప్పులు. నీ నంబరు క్లిప్పు తీసి కాలరుకి పెట్టుకుంటేనే సెట్టు ఆన్ చెయ్యాలి. బోర్డు మీద క్లిప్పు లేదంటే ఆ నంబరు గాల్లో ఉన్నట్టు. వచ్చి తిరిగి పెట్టేదాకా నోరు మూసుకుని కూచోవాలి. ఆ క్లిప్పులన్నీ ఆవిడ బుట్టలోంచి పోయినవే. వాటి మీది నంబర్లు, ఆవిడ ఒక్కసారి వేసుకుని సిగ్గుపడి పక్కన పడేసిన ఎర్ర గోళ్ళరంగుతో రాసినవి.

ఆయనది ఏడు.

"నన్ను చేసుకునేటప్పుడు ఏ నంబరు క్లిప్పు తీసుకున్నారు?" అని ఒకసారి అడిగింది.

"ఏడే. ఇంకా బోర్డు మీద తిరిగి పెట్టలేదు చూడు. ఎవడూ ఆన్ చెయ్యడానికి లేదు," అన్నాడు నవ్వకుండా.

అదే ఏడో నంబరు సెట్టు ఇంకొకతనికి ఉంది. పక్క వీధిలో గడియారాలు బాగుచేసే అతను. ఆయన దగ్గరే ఎగరెయ్యడం నేర్చుకున్నాడు. ఆయన్ని అన్నా అనీ ఆవిడని వదినా అనీ పిలిచేవాడు. ఇద్దరూ వంతులేసుకుని ఎగరేసేవారు. ఆయన దగ్గర మూడో నంబరు సెట్టు కూడా ఒకటి ఉండేది కాబట్టి పేచీ లేదు.

ఇలా ఉండగా ఒక ఆదివారం ఆయన మైదానం నుంచి క్లిప్పు కాలరుకి ఉంచుకునే ఇంటికొచ్చేశాడు. ఎదుటివాడు ఆ పని చేస్తే వారం రోజులు ఎగరనివ్వని మనిషి. ఆవిడ చూసుకోలేదు. చొక్కా నానబెట్టింది, ఉతికింది. క్లిప్పు బకెట్టులోంచి బుట్టలోకి, బుట్టలోంచి తీగ మీదికి చేరింది. మధ్యలో ఆయన, "ఏమోయ్, నా ఏడు ఎక్కడన్నా కనబడిందా?" అని అడిగాడు. లేదంది. మళ్ళీ అడగలేదు. పారేసుకున్నానని క్లబ్బులో చెప్పడానికి మొహం చెల్లలేదు కాబోలు, బుట్టలోంచి చడీచప్పుడు లేకుండా ఇంకో క్లిప్పు తీసి దాని మీద కొత్తగా ఏడు రాసుకున్నాడు. ఆవిడకీ చెప్పలేదు.

మరుసటి ఆదివారం ఆయన వెళ్ళిన అరగంటకి, మేడ మీద దుప్పటి ఆరేస్తుంటే ఆవిడ చేతిలోకి వెలిసిపోయిన ఎర్ర ఏడు వచ్చింది. అయ్యో, బోర్డు మీద ఏడు లేక ఆయన ఎంత ఇబ్బంది పడుతున్నాడో అనుకుంది. సరిగ్గా అప్పుడే కింద గడియారాల అతను సైకిలు మీద విమానం కట్టుకుని పోతున్నాడు.

"ఇదిగో నాయనా, ఇది బోర్డుకి పెట్టెయ్. మీ అన్న మర్చిపోయి తెచ్చేశాడు. ఎవరికీ చెప్పకు, పరువు పోతుంది," అని పైనుంచి పడేసింది.

అతను గాల్లోనే పట్టుకుని, "అన్న కూడా మనిషే వదినా, ఇవాళ తెలిసింది," అని నవ్వుతూ పోయాడు.

అంతే జరిగింది. అతను వెళ్ళేసరికి ఆయన విమానం గాల్లో ఉంది. ఏడు నా జేబులో ఉంది కదా, అన్న మూడో నంబరు మీద ఎగరేస్తున్నాడనుకున్నాడు. క్లిప్పుని బోర్డుకి తగిలించి, రూలు ప్రకారం మళ్ళీ తీసి కాలరుకి పెట్టుకుని, సెట్టు ఆన్ చేశాడు.

విమానం ఒక్కసారి ఒళ్ళు విరుచుకున్నట్టయి, తిరగబడి, కుర్చీల వైపు దూసుకొచ్చింది. అందరూ నేల మీద పడిపోయారు. ఆయన తప్పుకోవచ్చు. గడి వదలకూడదన్నది ఆయన రాసిన రూలే. చివరిదాకా దాని వైపే చూస్తూ, సెట్టు మీద వేళ్ళు కదుపుతూ నిలబడ్డాడు. అది నేరుగా ఆయన దగ్గరికే వచ్చింది.

మూడో రోజు క్లబ్బు పెద్ద, పళ్ళ డాక్టరు, నలుగుర్ని వెంటేసుకుని ఇంటికొచ్చాడు. విరిగిన విమానాన్నీ పగిలిపోయిన సెట్టునీ గోనెసంచిలో తెచ్చాడు. ఆయన కళ్ళజోడు, కాలరుకి ఉన్న క్లిప్పు ఒక కవర్లో పెట్టి ఆవిడ చేతికిచ్చాడు.

"గడియారాల అతను ఒప్పుకున్నాడమ్మా. బోర్డు చూడకుండా, క్లిప్పు తీసుకోకుండా ఆన్ చేశానన్నాడు. బతికున్నంత కాలం మైదానంలో అడుగు పెట్టకూడదని తీర్మానం చేశాం."

అతను గేటు బయట నిలబడి ఉన్నాడు. ఒక్కసారి తలెత్తి ఆవిడ వంక చూసి దించుకున్నాడు.

ఆవిడ కవరు విప్పింది. క్లిప్పు మీద ఏడు ఇంకా తళతళలాడుతోంది. నిన్నో మొన్నో రాసిన రంగు. అప్పుడర్థమైంది. ఇది కాదు తను కిందకి విసిరింది. ఏడులు రెండు. రెండోది అతను దాచేశాడు. తనమీదికి రాకుండా నేరం నెత్తిన వేసుకున్నాడు.

నోరు తెరవబోయింది. తెరిస్తే తన చేతి పని బయటపడుతుంది. అది భరించగలదేమో. కానీ రూల్సన్న క్లిప్పు ఇంటికి తెచ్చుకుని, దొంగచాటుగా ఇంకోటి చేసుకున్నాడని కూడా చెప్పాలి. గోడకి చెయ్యి ఆన్చి నిలబడింది. డాక్టరు నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రమే ఆ క్లిప్పుతో సహా బుట్ట అటకెక్కింది.

విమానం ముక్కు, రెక్కలు పోయాయి. తోకా, బ్యాటరీ ఉండే నడుమూ మటుకు చెక్కు చెదరలేదు. హాల్లో అల్మారా మీద పెట్టింది. మూడో వారం దుమ్ము దులుపుతుంటే గుడ్డ తగిలి పక్కనున్న మీట నొక్కుకుంది. చిన్న ఎర్ర దీపం వెలిగింది. ఆపడం తెలుసు. ఆపబుద్ధి కాలేదు. ఇంట్లో ఇంకో ప్రాణి కళ్ళు తెరిచినట్టు అనిపించి, అలా వదిలేసి టీ పెట్టుకోవడానికి వెళ్ళింది.

గ్లాసుతో హాల్లోకి వచ్చి కూచునేసరికి ఆరు గంటలు కొట్టింది. వెనకాల టక్‌మని చప్పుడు.

తోక రెక్క ఎడమకి తిరిగి ఉంది. ఆవిడ చూస్తుండగానే నిటారుగా వచ్చి, మళ్ళీ ఎడమకి తిరిగింది. తర్వాత కుడికి రెండుసార్లు. కాస్త ఆగి, అడ్డంగా పడుకున్న చిన్న రెక్క ఒక్కసారి పైకి లేచి దిగింది.

ఎడమ రెండు, కుడి రెండు, ఒకసారి పైకి. ఆదివారం బయల్దేరేముందు ఈ హాల్లోనే నిలబడి ఆయన చూసుకునే పద్ధతి అది. ఇరవై ఏళ్ళుగా తెలుసు. ఆ చివరి పైకి లేవడాన్ని ఆయన వెళ్ళొస్తానని చెప్పడం అనేవాడు.

భయం వేసింది. అయినా మర్నాడు ఆరు కాకముందే మీట నొక్కి, గోడకి వీపు ఆనించి నేల మీద కూచుంది. వచ్చింది. ఎడమ, ఎడమ, కుడి, కుడి, పైకి. ఆ తర్వాత పావుగంట సేపు నిజంగా ఎగురుతున్నట్టే రెక్కలు కొంచెంకొంచెంగా కదులుతూ ఉన్నాయి. కిటికీ బయట ఆకాశంలో ఏమీ లేదు. ఇంట్లో గాలి కూడా లేదు. చివరికి రెక్కలన్నీ నిదానంగా సర్దుకున్నాయి. దిగింది అనుకుంది. ఆయనకి వినపడేలా పైకే అనేసి ఉలిక్కిపడింది.

సెట్టు చేతిలో లేకుండా విమానం ఆన్ చెయ్యకూడదు. ఆ రూలు తను తప్పుతోందని తెలుసు. ఎవరి చేతిలో ఉందో తెలియని సెట్టుకి ఇల్లు తెరిచి కూచున్నట్టే. అయినా రోజూ ఆరుకి మీట నొక్కింది. బ్యాటరీ అయిపోకుండా శనివారం ఇసక కుండలో పెట్టి, పీట వేసుకుని పక్కన కూచుంది. కొన్నాళ్ళకి ఆయనతో మాట్లాడటం మొదలుపెట్టింది. "చెప్పెయ్యనా?" అని అడిగేది. రెక్క ఎడమకి తిరిగేది. "వద్దంటారా?" అనేది. కుడికి తిరిగేది. ఏది అవునో ఏది కాదో ఆయన ఎప్పుడూ చెప్పలేదు.

నాలుగో నెల ఒక శనివారం మధ్యాహ్నం కింది వాటా పిన్ని తడి తువ్వాలు పట్టుకుని వచ్చింది.

"ఇది పట్టుకో. ఇంకో సంగతి విన్నావా? ఆ గడియారాల అతనికి బుర్ర తిరిగిందట. వాళ్ళావిడ మా కుట్టుమిషను దగ్గర కూచుని ఒకటే ఏడుపు. రోజూ ఆరు కాగానే కొట్టు కట్టేసి మేడెక్కుతాడట. చేతిలో ఆ డబ్బా, ఆకాశం వంక చూపులు. విమానం లేదు ఏమీ లేదు. ఉన్నట్టే తిప్పుతాడట. తప్పు చేసిన మనిషికి శాంతి ఎక్కడిది చెప్పు."

ఆవిడ అల్మారా వైపు తిరిగి చూసింది.

"రోజూ ఆరింటికా పిన్నీ?"

"గడియారాలవాడు కదమ్మా, టైము తప్పుతాడా?"

ఆ సాయంత్రం మీట నొక్కి, తలుపు దగ్గరికి లాగి, పక్క వీధికి నడిచింది. అతని భార్య తలుపు తీసి, ఆవిణ్ణి చూసి గుమ్మానికి అతుక్కుపోయింది.

"అక్కా, ఆయన్ని ఏమీ అనకండి. తిండి కూడా సరిగ్గా తినట్లేదు."

"అనడానికి రాలేదమ్మా. పైన ఉన్నాడా?"

మేడ మీద అతను అటు తిరిగి నిలబడి ఉన్నాడు. సుద్దతో గీసిన గడి మధ్యలో. సెట్టు ఏరియల్ గొట్టం బారుగా పైకి లాగి ఉంది. తల మెల్లగా ఎడమ నుంచి కుడికి తిరుగుతోంది, అక్కడేదో పోతున్నట్టు. ఆవిడ తనకి తెలియకుండానే అతని చూపు పోయిన వైపు చూసింది. ఖాళీ ఆకాశం. చూపు మరల్చుకోలేకపోయింది. ఇద్దరూ ఆ లేని దాన్ని చాలాసేపు చూశారు. అది ఒక పెద్ద చుట్టు తిరిగి, ఎత్తు తగ్గింది.

"దిగుతున్నా," అన్నాడతను. ఆ ఒక్క మాట గట్టిగా, ఎవరూ లేరనుకున్న మేడ మీద. తర్వాత గొట్టం మూసి ఇటు తిరిగాడు. కాలరుకి వెలిసిపోయిన ఏడో నంబరు క్లిప్పు ఉంది.

"వదినా..."

"రోజూ చేస్తున్నావా ఇది?"

"అన్నకి ఆ రోజు దింపుకోవడం కుదరలేదు కదా. రోజూ నేను దింపుతున్నా." ఆగి, కాలరు మీద చెయ్యి వేసుకున్నాడు. "క్లిప్పు లేకుండా మాత్రం ఎప్పుడూ ఆన్ చెయ్యలేదు వదినా. ఆ రోజు కూడా."

"తెలుసు నాయనా."

"మీకు తెలుసని నాకూ తెలుసు. పోనీలెండి."

"అల్మారా మీద అది రోజూ కదులుతోంది. ఆయనే అనుకున్నాను."

అతని మొహం పాలిపోయింది. "దాని మీట ఆన్ చేసి ఉంచారా? ఇక్కడ్నించి అందుతోందా?"

"మరి నువ్వు ఊరికే ఎగరేస్తున్నావనుకున్నావా?"

అతను గడిలోనే కూలబడ్డాడు. ఆవిడా పిట్టగోడ పక్కన కూచుంది. "బ్యాటరీ అయిపోవచ్చేటప్పుడు కూడా దానంతటదే ఒకసారి అదురుతుంది వదినా. భయపడకండి," అన్నాడు.

"రేపు పొద్దున ఆరింటికి మైదానం గేటు దగ్గరికి రా. ఆ క్లిప్పు తీసుకుని."

"వద్దు. అన్న పేరు పోతుంది."

"నీది పోయింది కదా," అంది ఆవిడ.

అటక మీది బుట్ట దించి, తళతళలాడే ఏడుని వెతికి తీసింది. ఆదివారం మైదానంలో సున్నపు గీత దగ్గర ఆగిపోయింది, అలవాటుగా. పళ్ళ డాక్టరు పరిగెత్తుకొచ్చాడు. ఆవిడ వెనక అతన్ని చూసి మొహం గంటు పెట్టుకున్నాడు.

"అమ్మా, మీరు రండి. అతను రాకూడదు. తీర్మానం ఉంది."

ఆవిడ గేటు దగ్గర బోర్డు దాకా వెనక్కి నడిచి, రెండు క్లిప్పులూ ఏడో నంబరు చోట పక్కపక్కన పెట్టింది. ఒకటి వెలిసింది, ఒకటి కొత్తది.

"ఇది మీ అన్న మర్చిపోయి ఇంటికి తెచ్చుకున్నది. ఇది మీకు చెప్పకుండా చేసుకున్నది. పాతది దొరికితే ఇతని చేత పంపింది నేను. ఇతను రూలు తప్పలేదు. తప్పామని చెప్పాల్సినవాళ్ళలో ఒకరు లేరు, ఒకరు ఇదిగో." తన వైపు వేలు పెట్టి చూపించుకుంది. "నాలుగు నెలలు నోరు కుట్టుకుని కూచున్నాను. అదొక తప్పు."

గాల్లో ఉన్న ఒక విమానాన్ని దాని మనిషి గబగబా దింపేశాడు. డాక్టరు రెండు క్లిప్పులూ అటూ ఇటూ తిప్పి చూశాడు.

"రూల్సన్న... ఇలా చేశాడా?"

"చేశాడు. మీరు తిడతారని భయపడ్డాడు. మీకన్నీ నేర్పింది ఆయనే కదా."

వెనక ఎవరో నవ్వబోయి కళ్ళు తుడుచుకున్నారు. డాక్టరు బోర్డు కింద సుద్దముక్కతో రాశాడు. క్లిప్పు పోతే ఆ నంబరు మూసెయ్యాలి, అందరి ముందూ తప్ప కొత్తది చెయ్యకూడదు. తర్వాత గడియారాల అతని వైపు తిరిగి, "మమ్మల్ని క్షమించు," అన్నాడు. "సెట్టు ఒక వారం నా దగ్గర ఉంచు. ఏడు ఇక ఎవరికీ వద్దు. నంబరు మార్పించి ఇస్తాను." అతను తలూపి, సెట్టు ఇచ్చేసి, గీత ఇవతల కుర్చీలో కూచుని పైకి చూశాడు. ఈసారి పైన నిజంగానే ఒకటి ఎగిరింది.

సోమవారం ఆవిడ బట్టలకి క్లిప్పులు పెట్టింది. చేతులు చల్లబడ్డాయి గానీ పెట్టింది. వారమంతా ఆరు గంటలకి మీట నొక్కలేదు.

శనివారం సాయంత్రం అలవాటు చొప్పున పీట వేసి, ఇసక కుండ దగ్గరికి లాగింది. బ్యాటరీ తియ్యబోతూ ఎంత మిగిలుందో చూద్దామని మీట నొక్కింది. ఎర్ర దీపం నీరసంగా వెలిగింది. గడియారం ఆరు కొట్టింది.

అతని సెట్టు ఊరికి ఆ చివర డాక్టరు బీరువాలో ఉంది. అది ఆవిడకి తెలుసు.

అడ్డంగా పడుకున్న చిన్న రెక్క పైకి లేచింది. ఒక్కసారి. లేచి, చాలా నెమ్మదిగా దిగింది.

బ్యాటరీ అయిపోవచ్చేటప్పుడు దానంతటదే ఒకసారి అదురుతుందని అతను చెప్పాడు. అదీ ఆవిడకి తెలుసు. దీపం సన్నగిల్లుతోంది. ఛార్జింగు వైరు చేతికందే దూరంలో ఉంది. గంటన్నర కూచుంటే చాలు, రేపూ ఎల్లుండీ, ఎన్నాళ్ళు కావాలంటే అన్నాళ్ళు.

"సరే, వెళ్ళిరండి," అంది.

వైరు చుట్ట విప్పకుండా, పీట ఎత్తి గోడకి చేరేసి, మేడ మీద ఆరిన దుప్పటి తీసుకురావడానికి మెట్లెక్కింది. బ్యాటరీ విమానంలోనే ఉంది. కుండలో ఇసక తప్ప ఏమీ లేదు.